పాఠానికీ ఒక పరీక్ష

పరీక్షలు రాయటం మీకు అలవాటే. పాఠం మీకు ఎంతవరకు వచ్చిందో మీ మార్కులు చూసి మీ మాస్టారు చెబుతారు. మరి ఆ పాఠం ఎంత బాగుందో ఎవరు చెబుతారు? పాఠానికే పరీక్ష పెట్టాలంటే ఎలా పెట్టాలి? పాఠం చెప్పే మనిషి మీ ఎదుట నిలబడక, వందల కిలోమీటర్ల దూరంలో ఉండి తెర మీద మాత్రమే కనిపిస్తున్నప్పుడు ఈ ప్రశ్న ఇంకా ముఖ్యమవుతుంది. ఈ ప్రశ్నకు జవాబు వెతికిన వారి కథ చాలా పాతది. ఆ కథలో తెలుగువారికీ, గుజరాత్‌కూ చెప్పుకోదగిన భాగం ఉంది.

ముందుగా ఉధ్నా వెళదాం. ముంబాయి నుంచి వచ్చే రైలు సూరత్ చేరటానికి కాస్త ముందు ఉధ్నా జంక్షన్ వస్తుంది. జలగాఁవ్ వైపు పోయే తపతీ లోయ రైలు మార్గం ఇక్కడే చీలుతుంది. స్టేషను దాటి కొంచెం లోపలికి నడిస్తే మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఆ మగ్గాల దగ్గర షిఫ్టుకు 12 గంటలు నిలబడి పనిచేసే వారిలో తెలంగాణ నేత గ్రామాల నుంచి తరలివచ్చిన కుటుంబాల వారు ఎందరో ఉన్నారు. సూరత్ నగరపాలక సంస్థకు చెందిన నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది.

ఈ ప్రాంతంలో ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ. నాన్న ఫోనులో హైదరాబాదులో తయారైన విజ్ఞానశాస్త్ర పాఠాలు తెలుగులో ఎన్నో దొరుకుతాయి. వాటిలో బొమ్మలు కదులుతాయి, గొంతు స్పష్టంగా ఉంటుంది, అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్ళీ చూడవచ్చు. అటువంటప్పుడు సొంత రాష్ట్రానికి ఇంత దూరంలో తెలుగులో పాఠం చెప్పే సారు కోసం వెతకటం ఎందుకు? ఒక తెర చాలదా?

ఇది తేలికగా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. చాలదని ఊరికే అనటం కూడా శాస్త్రీయం కాదు. దూరం నుంచి పాఠాలు పంపి చూసిన అనుభవం ఏం చెబుతోందో పరిశీలిద్దాం.

పోస్టుకార్డు మీద పాఠం

1840లో ఇంగ్లండులో ఒక పెన్నీకే ఉత్తరం ఎంత దూరమైనా వెళ్ళే తపాలా పద్ధతి మొదలైంది. ఐజాక్ పిట్‌మన్ అనే ఉపాధ్యాయుడు ఈ సౌకర్యాన్ని వెంటనే వాడుకున్నాడు. తాను రూపొందించిన సంక్షిప్తలిపిని, అంటే షార్ట్‌హ్యాండును, తపాలా ద్వారా నేర్పటం మొదలుపెట్టాడు. విద్యార్థులు అభ్యాసాన్ని రాసి తిరిగి పంపేవారు. దానిలో తప్పులు దిద్ది మళ్ళీ వారికి పంపేవారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అచ్చువేసిన పుస్తకం అంతకు ముందే ఉంది. పుస్తకం కూడా దూరం నుంచి వచ్చే పాఠమే. పిట్‌మన్ పద్ధతిలో కొత్తదనం పాఠం వెళ్ళటంలో లేదు, విద్యార్థి రాసినది తిరిగి రావటంలో ఉంది. దారి రెండు వైపులా తెరుచుకుంది. దూరవిద్యకు ప్రాణం ఈ తిరుగు దారే.

మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరెస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో ఆ బాట పట్టింది. ఉద్యోగం చేసుకుంటూ బి.ఏ., బి.కాం. పట్టాలు పొందాలనుకునే వేలమందికి అవి దారి చూపాయి. కాని కట్టలుగా వచ్చిన పాఠాలు చదవటమే తప్ప, జవాబులు రాసి పంపి దిద్దించుకునే అలవాటు లేని విద్యార్థికి తిరుగు దారి మూసుకుపోయినట్లే. అతనికి ఆ కోర్సు ఖరీదైన పుస్తకంతో సమానం.

అహ్మదాబాదు నుంచి ఆకాశం మీదుగా

ఇప్పుడు కథ గుజరాత్ వస్తుంది. అంతరిక్ష విజ్ఞానాన్ని గ్రామాల చదువుకు ఉపయోగించాలని డాక్టర్ విక్రమ్ సారాభాయ్ తలపోశారు. 1969 సెప్టెంబరులో మన అణుశక్తి శాఖకూ, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకూ మధ్య ఒప్పందం కుదిరింది. సారాభాయ్ 1971 డిసెంబరులో మరణించారు. ఆయన ఆలోచన మాత్రం ఆగలేదు. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాదిపాటు వాడుకుని మన దేశం ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగాన్ని నిర్వహించింది. దీనినే క్లుప్తంగా సైట్ అంటారు. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జులై 31న ముగిసింది.

ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలను ఎన్నుకున్నారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ ఆ రాష్ట్రాలు. ప్రసార భాషలు నాలుగు. తెలుగు వాటిలో ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదు కేంద్రంలో తయారయ్యేవి. అహ్మదాబాదులోని భూకేంద్రం నుంచి సంకేతాలు ఉపగ్రహానికి చేరేవి. అక్కడి నుంచి అవి నేరుగా మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు వంటి జిల్లాల గ్రామాలలో దిగేవి. గ్రామంలో వాటిని పట్టుకునేది కోళ్ళ గూటికి వాడే తీగ వలతో చేసిన, దాదాపు 3 మీటర్ల వ్యాసం గల గొడుగు వంటి యాంటెన్నా. ఉదయం పాఠశాల పిల్లలకు ఒక్కొక్క భాషలో 22 నిమిషాలకు పైగా పాఠం, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, వినోదం. ఉధ్నాలోని పిల్లలు ఈనాడు హైదరాబాదు పాఠాన్ని గుజరాత్‌లో చూస్తున్నారు. ఆనాడు తెలుగు పాఠం గుజరాత్ నుంచి ఆకాశానికి ఎగసి తెలుగు గ్రామానికి చేరింది.

లెక్క పెట్టినవి, పెట్టనివి

సైట్ గొప్పతనం ఉపగ్రహంలోనే కాదు, దానిని పరీక్షించిన తీరులో కూడా ఉంది. టీవీ సెట్లు ఎన్ని పెట్టారు, ఎన్ని గంటలు ప్రసారం చేశారు అనే లెక్కలు తేలికగా దొరుకుతాయి. అవి పనిని కొలుస్తాయి, ఫలితాన్ని కాదు. ఇస్రోలోని సామాజిక శాస్త్రవేత్తలు ఫలితాన్ని కొలవాలని పూనుకున్నారు. టీవీ పెట్టిన గ్రామాలతోపాటు టీవీ లేని గ్రామాలను కూడా పోలిక కోసం ఎంచుకున్నారు. ప్రయోగానికి ముందు, నడుస్తుండగా, ముగిసిన తరువాత ప్రజలను ప్రశ్నించారు. కొన్ని గ్రామాలలో పరిశోధకులు నెలల తరబడి నివాసముండి ప్రతి మార్పునూ రాసుకున్నారు.

పోలిక గ్రామాలు ఎందుకు? ఏడాదిలో పిల్లలు ఎలాగూ కొంత పెరుగుతారు, కొంత నేర్చుకుంటారు. ఆ పెరుగుదలనంతా టీవీ ఖాతాలో వేస్తే మోసపోతాం. టీవీ లేని చోట పిల్లలు ఎంత నేర్చారో తెలిస్తేనే, ఉన్న చోట అదనంగా వచ్చినదేమిటో తెలుస్తుంది. ఎరువు వేసిన మడి పక్కన ఎరువు వేయని మడిని ఉంచి దిగుబడులు పోల్చే పద్ధతి వంటిదే ఇది.

ఫలితం ఏమిటి? పాఠశాల పరీక్షల మార్కులలో టీవీ చూసిన పిల్లలకూ, చూడని పిల్లలకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాని టీవీ చూసిన పిల్లల భాషాసామర్థ్యం పెరిగింది. కొత్త విషయాలను వేరువేరు మార్గాలలో తెలుసుకోవాలనే ఆసక్తి వారిలో హెచ్చింది. మార్కుల పట్టిక ఒక్కటే చూసి ఉంటే ఈ ప్రయోజనం దృష్టికే వచ్చేది కాదు. ఆసక్తిని మాత్రమే చూసి ఉంటే, మార్కులు పెరగలేదన్న సత్యం మరుగున పడేది. పాఠానికి పెట్టే పరీక్షలో ఒకే ప్రశ్న ఉండకూడదని దీనివల్ల తెలుస్తుంది.

ఉపాధ్యాయులే విద్యార్థులైన వేళ

సైట్‌లో అంతగా ప్రచారానికి రాని ఒక భాగం ఉంది. 1975 అక్టోబరులో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో 12 రోజుల శిక్షణ ఇచ్చారు. తొలి విడతలో సుమారు 24 వేలమంది, 1976 వేసవిలో దాదాపు అంతేమంది శిక్షణ పొందారు. అంతమందిని ఒకచోట చేర్చడం అసాధ్యం. అందువల్ల వారు తమ ప్రాంతంలోని కేంద్రాలలోనే గుంపులుగా కూర్చున్నారు. టీవీలో పాఠం చూశారు, రేడియో విన్నారు, అచ్చులో వచ్చిన పుస్తకం చదివారు. తరువాత అందుబాటులో ఉన్న వస్తువులతో ప్రయోగాలు తామే చేసి, స్థానిక మార్గదర్శకునితో చర్చించారు.

ఈ రోజులలో మిశ్రమ కోర్సు అని పిలిచేది ఇదే. కొంత భాగం దూరం నుంచి, కొంత భాగం ఎదుటి మనిషితో, కొంత భాగం సొంత చేతులతో. ఇంటర్నెట్ మన దేశంలో ప్రజలకు అందుబాటులోకి రావటానికి 20 ఏళ్ళ ముందే, ఆ పేరు పుట్టక మునుపే, మన పల్లె బడుల ఉపాధ్యాయులు మిశ్రమ కోర్సు పూర్తిచేశారు.

ఒక కొత్త ఉద్యోగం పేరు

1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇది మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. మొదటి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి కూడా తొలి ఉపాధ్యక్షులు ఆయనే. హైదరాబాదు సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. గుజరాత్ 1994లో అహ్మదాబాదులో స్థాపించిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా అంబేద్కర్ పేరే ఉంది.

ఇంటర్మీడియట్ చదవని వారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే అవకాశాన్ని హైదరాబాదు సంస్థ కల్పించింది. పాఠాలు తెలుగులో అచ్చయ్యాయి. సాధారణ కళాశాలలలోనే అధ్యయన కేంద్రాలు తెరిచారు. ఆ కేంద్రాలలో కూర్చునే అధ్యాపకుని హోదా లెక్చరర్ కాదు, కౌన్సిలర్. పేరు మారటం చిన్న విషయంగా కనిపించవచ్చు. పాఠం అప్పటికే పుస్తకంలో వచ్చేసింది కనుక దానిని మళ్ళీ మొదటి నుంచి చెప్పటం కౌన్సిలర్ పని కాదు. విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడో తెలుసుకుని అక్కడ చేయి అందించటం అతని పని. అంటే ముందుగా వినాలి, తరువాత మాట్లాడాలి. లెక్చరరుగా ఏళ్ళ తరబడి అలవాటుపడిన వ్యక్తికి ఇది తేలిక కాదు. అధ్యాపకుని పాత్ర మారటం మన దగ్గర ఇంటర్నెట్‌తో మొదలు కాలేదని ఈ పేరు సాక్ష్యం చెబుతుంది.

ఆ తరువాత సాధనాలు వేగంగా మారాయి. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయాల నిధుల సంఘం దూరదర్శన్‌లో కళాశాల విద్యార్థుల కోసం ప్రసారాలు మొదలుపెట్టింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఉపగ్రహం వెళ్ళింది. తరగతి గదిలో కూర్చున్న విద్యార్థి దూరాన ఉన్న అధ్యాపకుని తిరిగి ప్రశ్నించే వీలును అది కల్పించింది. పిట్‌మన్ పోస్టుకార్డు రోజులు తీసుకుంటే, ఈ తిరుగు దారి క్షణాలలో పూర్తయింది.

లక్షా 54 వేలలో ఎందరు?

2012లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఎలక్ట్రానిక్ వలయాల మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సును ప్రపంచమంతటికీ తెరిచింది. పేరు నమోదు చేసుకున్నవారు 1,54,763 మంది. చివరకు ఉత్తీర్ణులై ధ్రువపత్రం పొందినవారు 7,157 మంది. వందకు ఐదుగురు కూడా లేరు.

ఈ అంకెలను చూసి ఇద్దరు రెండు రకాలుగా మాట్లాడవచ్చు. కోర్సు విఫలమైందని ఒకరంటారు. ఏ కళాశాల తరగతి గదిలో 7 వేలమంది ఒకేసారి ఉత్తీర్ణులయ్యారని మరొకరంటారు. ఇద్దరి అంకెలూ నిజమే. నమోదైన వారిలో ఎందరు నిజంగా చదవాలని వచ్చారో, ఎందరు కేవలం తొంగి చూసి పోయారో తెలియకుండా ఈ వాదం తేలదు. కాబట్టి ఏ కోర్సు గురించైనా నమోదు సంఖ్య చెప్పి ఎవరైనా గొప్పలు పోతే, మధ్యలో ఆగిపోయిన వారెవరు, ఎందుకు ఆగారు అని మీరు అడగాలి.

ఇదే కోర్సును మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఒక పాఠశాల వేరే విధంగా వాడుకుంది. 13 నుంచి 17 ఏళ్ళ వయస్సు గల 20 మంది పిల్లలు అందులో చేరారు. వారి వెంట ఒక అధ్యాపకుడు ఉండి, పరికరాలు తెప్పించి, తెర మీద చూసిన వలయాలను చేతులతో కట్టించాడు. దాదాపు సగంమంది ఉత్తీర్ణులయ్యారు. వారిలో బట్టుషిగ్ అనే 15 ఏళ్ళ కుర్రవాడు పూర్తి మార్కులు సాధించాడు.

అయితే అధ్యాపకుడు పక్కన ఉంటే ఐదు శాతం యాభై శాతమవుతుందని రాసుకోవచ్చునా? తొందరపడకండి. ఆ 20 మంది చదువులో చురుకైనవారు కావచ్చు. వారు ఒకరినొకరు చూసి ఉత్సాహం తెచ్చుకుని ఉండవచ్చు. సైట్ వారు చేసినట్టు పోలిక గుంపు ఇక్కడ లేదు. ఈ సంఘటన మనకు ఒక ఊహను ఇస్తుంది, రుజువును కాదు.

రుజువు కోసం అమెరికా విద్యాశాఖ 2009లో అటువంటి పోలికలు చేసిన అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. మొత్తం మీద ఆన్‌లైన్‌కూ, ఎదుటి బోధనకూ మధ్య తేడా స్వల్పమే. రెండింటినీ కలిపిన మిశ్రమ కోర్సులలో మాత్రం విద్యార్థులు స్పష్టంగా మెరుగ్గా నేర్చుకున్నారు. ఇక్కడ కూడా పరిశోధకులు ఒక హెచ్చరిక చేశారు. మిశ్రమ కోర్సులలో విద్యార్థులకు తరచుగా ఎక్కువ సమయం, ఎక్కువ సామగ్రి కూడా దొరికాయి. లాభం తెరది అనుకోవటానికి వీలులేదు. అదనంగా పెట్టిన సమయానిది కావచ్చు, అధ్యాపకుని శ్రద్ధది కావచ్చు.

మన దేశంలో ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ 2014 నుంచి ధ్రువపత్రం ఇచ్చే ఆన్‌లైన్ కోర్సులు నిర్వహిస్తోంది. 2017 జులై 9న స్వయం అనే జాతీయ వేదిక ప్రారంభమైంది. ఎన్‌పీటీఈఎల్ కోర్సులలో వారం వారం చేసే అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షా కేంద్రానికి స్వయంగా వెళ్ళి రాసే పరీక్షకు 75 శాతం మార్కులు ఉండటం రివాజు. పాఠం ఇంటికి వచ్చినా, పరీక్షకు మనిషి కదలక తప్పలేదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2016లో ఇటువంటి కోర్సుల ద్వారా 20 శాతం వరకు, 2021లో 40 శాతం వరకు క్రెడిట్లు సంపాదించుకోవచ్చునని అనుమతించింది. ఇకమీదట మీ డిగ్రీలో కొంత భాగం తెర మీద నుంచే రావచ్చు. కాబట్టి ఏ కోర్సు మంచిదో తేల్చుకోవటం మీ సొంత అవసరం.

2020 పెట్టిన పరీక్ష

2020 మార్చిలో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డాయి. ఆ జూన్‌లో గుజరాత్ ప్రభుత్వం దూరదర్శన్ గిర్నార్ చానెల్‌లో ఇంటి వద్ద చదువు కార్యక్రమం ప్రారంభించింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్ళలో పాఠాలు వచ్చాయి.

ఉధ్నాలోని మన అమ్మాయిని ఇప్పుడు తలచుకోండి. గిర్నార్ పాఠం ఆమె రాష్ట్రానిది, కాని ఆమె ఇంటి భాషలో లేదు. యాదగిరి పాఠం ఆమె భాషలో ఉంది, కాని ఆమె పాఠ్యప్రణాళికలోది కాదు. రెండు పాఠాలూ బాగానే ఉండవచ్చు. ఏది తనకు పనికివస్తుందో, ఏ పేజీకి ఏది సరిపోతుందో చెప్పే మనిషి లేకపోతే రెండూ ఆమెకు సగం సగమే. ఇంట్లో ఉన్న ఒకే ఫోను నాన్న షిఫ్టుతోపాటు మగ్గం దగ్గరకు వెళ్ళిపోతే ఆ సగం కూడా ఉండదు.

దేశం మొత్తం మీద ఏం జరిగిందో అసర్ సర్వేలు గ్రామీణ ప్రాంతాలలో పరిశీలించాయి. బడిలో పేరున్న పిల్లల ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం. 2020లో అవి 61.8 శాతానికి పెరిగాయి. ఫోన్ల సంఖ్య ఇంతగా పెరిగినా, సర్వే జరిపిన వారంలో పాఠశాల నుంచి చదువుకు సంబంధించిన సామగ్రి అందినది సుమారు మూడో వంతు పిల్లలకే. రెండవ తరగతి పాఠం చదవగల మూడవ తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం ఉండగా, 2022లో 20.5 శాతానికి తగ్గారు. సాధనం పెరిగింది, చదువు తగ్గింది. ఇంతటి నష్టానికి బడి మూత ప్రధాన కారణమే గాని, సాధనం చేతికి వచ్చినంత మాత్రాన చదువు రాదని కూడా ఈ అంకెలు చూపుతున్నాయి.

మగ్గం మీద ఉండగానే

పాఠాన్ని పరీక్షించటాన్ని విద్యావేత్తలు మూల్యాంకనం అంటారు. 1967లో మైకేల్ స్క్రివెన్ అనే తత్వవేత్త దానిని రెండు రకాలుగా విభజించాడు. కోర్సు నడుస్తుండగా లోపాలు కనిపెట్టి దిద్దటం నిర్మాణాత్మక మూల్యాంకనం. ముగిశాక మంచిచెడ్డలు తేల్చటం సంగ్రహణాత్మక మూల్యాంకనం.

ఉధ్నా నేతగాడికి ఈ తేడా ఎవరూ నేర్పనక్కరలేదు. తాను మడత పెట్టిన తరువాత లోపాలు లెక్కపెడితే దాని ధర తెలుస్తుంది. పోగు తెగిన క్షణంలోనే మగ్గం ఆపి ముడివేస్తే గుడ్డే బాగుపడుతుంది. రెండూ అవసరమే. రెండవ పని మగ్గం పక్కన నిలబడిన మనిషి మాత్రమే చేయగలడు.

అధ్యాపకుని మారిన పాత్ర ఇక్కడ స్పష్టమవుతుంది. విషయాన్ని వివరించే పనిలో కొంత భాగాన్ని మంచి వీడియో తీసుకోగలదు. కొన్ని చోట్ల ఇంకా బాగా చేయగలదు. గుండె లోపల రక్తం ప్రవహించే తీరును నల్లబల్ల మీద సుద్దముక్కతో చూపటం కంటే కదిలే బొమ్మతో చూపటం మేలు. ఆ మేరకు అధ్యాపకుని సమయం మిగులుతుంది. మిగిలిన సమయంలో ఆయన చేయవలసినవి మూడు. మొదటిది, వందలాది పాఠాలలో ఏది ఈ తరగతికి తగినదో ఎంచటం. రెండవది, ఎవరి మనస్సులో ఏ పోగు తెగిందో కనిపెట్టటం. బల్బులోకి వెళ్ళిన విద్యుత్ ప్రవాహం అక్కడే ఖర్చయిపోతుందని ఒక విద్యార్థి నమ్ముతుంటే, ఎన్ని వీడియోలు చూసినా ఆ నమ్మకం అలాగే ఉండిపోవచ్చు. ఒక చిన్న ప్రశ్న దానిని బయటకు లాగుతుంది. మూడవది, మానేయబోతున్న విద్యార్థిని గుర్తించి వెనక్కి పిలవటం.

ఈ మూడు పనులూ పాఠం చెప్పటం కంటే కష్టమైనవి. కనుక ఆన్‌లైన్ పాఠాలు వచ్చాయి గదా, అధ్యాపకుల సంఖ్య తగ్గించవచ్చునని ఎవరైనా అంటే, లెక్కలో ఏదో వదిలిపెట్టారని గ్రహించండి.

మీరే పరీక్షించండి

ఈ మాటలను మీరు గుడ్డిగా నమ్మనక్కరలేదు. మీ తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. మీ ఉపాధ్యాయుని అనుమతితో విద్యుత్ వలయాల మీద 15 నిమిషాల వీడియో పాఠం ఒకటి ఎంచుకోండి. ముందుగా అందరికీ 20 మార్కుల చిన్న పరీక్ష పెట్టండి. తరువాత చీట్లు వేసి రెండు గుంపులు చేయండి. స్నేహితులను బట్టిగాని, మార్కులను బట్టిగాని విడదీయకండి. మొదటి గుంపు 40 నిమిషాలలో వీడియోను ఇష్టమైనన్నిసార్లు చూడవచ్చు. రెండవ గుంపు ఒకసారి చూసి, మిగిలిన 25 నిమిషాలు ఉపాధ్యాయునితో చర్చిస్తుంది. ఇద్దరికీ సమయం సమానంగా ఉండాలని మరువకండి. వెంటనే ఒక పరీక్ష, మూడు వారాల తరువాత ఇంకొక పరీక్ష పెట్టండి. ప్రశ్నలు వేరుగా, కష్టం సమానంగా ఉండాలి.

ఉదాహరణకు ముందు పరీక్షలో రెండు గుంపుల సగటు 6 అనుకుందాం. పాఠం ముగిసిన వెంటనే మొదటి గుంపుకు 12, రెండవ గుంపుకు 13 వచ్చాయి. అప్పుడు తేడా లేదని అనిపిస్తుంది. మూడు వారాల తరువాత 8, 12 వస్తే? అసలు తేడా అప్పుడు బయటపడుతుంది. ఇవి ఊహించిన అంకెలు మాత్రమే. మీకు తారుమారుగా కూడా రావచ్చు. వస్తే దాచకండి, కారణం వెతకండి.

సగటుతో ఆగవద్దు. మొదటి పరీక్షలో అందరికంటే తక్కువ వచ్చిన ఐదుగురు ప్రతి గుంపులోనూ ఎంత ముందుకు వచ్చారో విడిగా చూడండి. బాగా చదివేవారు ఏ పద్ధతిలోనైనా కొంత నేర్చుకుంటారు. వెనుకబడినవారిని ఎంత దూరం తీసుకువచ్చిందన్నదే ఒక కోర్సుకు కఠినమైన పరీక్ష.

ఉధ్నాలోని అమ్మాయికి తెర చాలునా అనే ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. తెర ఆమెకు కావాలి. అది లేకపోతే హైదరాబాదులోని మంచి పాఠం ఆమె వరకు రాదు. ఆ పాఠం చూసి ఆమె నోటుపుస్తకంలో రాసుకున్నది చదివి, ఈ మెట్టు దగ్గర పొరబడ్డావమ్మా అని ఆమె భాషలో చెప్పే సారు కూడా కావాలి. 1840 నాటి పోస్టుకార్డు నుంచి నేటి ఫోను వరకు దారులు మారాయి. విద్యార్థి రాసినదానిని ఎవరో ఒకరు చదవవలసిన అవసరం మారలేదు. మీరు ఈసారి ఏదైనా ఆన్‌లైన్ కోర్సులో చేరేముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను రాసేది ఇక్కడ ఎవరు చదువుతారు?